తాడు సంచిలోనే ఉంది

హాథర్‌సేజ్ ఊరి పైన, చర్చి దాటి
గొర్రెలు మేసే వాలు ఎక్కితే
దుబ్బుల్లో తిరగలి రాళ్లు పడి ఉంటాయి.
ఎప్పటివాళ్లో చెక్కారు, ఎవరూ కొనలేదు.
నాచు పట్టి, గుండ్రంగా,
గింజ ఎరగని రాళ్లు.
వాటి మీదే కూచుని బూట్లు మార్చుకుంటుంది హెస్టర్.

పదకొండేళ్లుగా ఆమె తాడు నా చేతుల్లో.
ఎక్కుతుంటే వదులుతాను, ఆగితే బిగిస్తాను.
అన్నీ తాడే చెప్పేది నాకు:
ఇక్కడ భయపడింది,
ఇక్కడ మోకాలు దోక్కుని
వదిలేసిన మొగుణ్ణి తిట్టుకుంది.

ఇవాళ తాడు సంచిలోనే ఉండనీ, అంది.
సాయంత్రం వాన రాదులే అన్నట్టు.

షెఫీల్డ్ ఆసుపత్రిలో కట్లు కట్టే గది నాది.
ఆదివారం విరిగినవి సోమవారం నా దగ్గరికొస్తాయి.
ఎత్తు నుంచి పడ్డ మడమ ఎముక
విరగదు, అటుకులవుతుంది.
గోళ్లలో సుద్దపొడి ఉంటుంది వాళ్లకి.
కడగనివ్వరు కొందరు.

అరవై అడుగులు. ఎక్కువేం కాదు.
ఐదంతస్తుల మేడ, పిట్టగోడతో సహా.

సగం దాకా నడిచినట్టే వెళ్లింది.
అక్టోబరు చలికి రాయి గరుగ్గా ఉంది, పిల్లి నాలుకలా.
ఆ తర్వాత చీలిక అయిపోతుంది.
అక్కణ్ణించి ఆవగింజంత బొడిపెలు, గీతలు.
నమ్మితే పట్టు. నమ్మకపోతే గోడ.

అక్కడ ఆగింది.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, అంటాం మనం.
అరచెయ్యి చాలా పెద్దది.
ఆమెవి మూడు వేళ్ల కొసల్లో ఉన్నాయి,
తోలు మందాన.

ఎడమ కాలు వణకడం మొదలైంది.
ముందు మడమ, తర్వాత పిక్క.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.
చిన్నప్పుడు చూచిరాతలో ఇరవైసార్లు రాశాను.
ఆ సామెత కట్టినవాడు నేల మీద నిలబడి కట్టాడు.
ఇక్కడ నా నోరు జారితే
జారేది ఆమె కాలు.
పేరు పెట్టి పిలవలేదు. దగ్గు వస్తే మింగాను.
చేతులు మాత్రం, ఎవరూ చెప్పకుండానే,
లేని తాడును పట్టుకున్నాయి.
కాస్త బిగువు, కాస్త వదులు.

కింద లోయలో షెఫీల్డ్ రైలు పోయింది, రెండే పెట్టెలు.
ఒక గొర్రె తలెత్తి చూసి మళ్లీ మేతలో పడింది.

తర్వాత ఏం చేసిందో సరిగ్గా చెప్పలేను.
ఎగరలేదు, లాక్కోలేదు.
ఒంటి బరువును ఒక పాదంలోంచి ఇంకో పాదంలోకి
పాలు వంపినట్టు వంపింది.
వణుకు ఆగింది.
అంచు మీద మోచెయ్యి, మోకాలు,
ఆపైన ఆమె లేదు, ఆకాశమే.

నవ్వు వినబడింది పైనుంచి.
సన్నగా, ఏదో దొంగిలించి దాక్కున్న పిల్ల నవ్వు.
యాభై ఎనిమిదేళ్లు ఆమెకి. బడిలో లెక్కలు చెబుతుంది.
ఆ నవ్వు మీద నాకు కోపం వచ్చింది.
అది అసూయ అని తేలడానికి వారం పట్టింది.

వెనక దారిన దిగి వచ్చి
ఫ్లాస్కు అందుకుంది. మూత రాలేదు.
కొండకి ఉడుములా అంటుకున్న వేళ్లకి
టీ ఫ్లాస్కు మూత రాలేదు.
మాట్లాడకుండా నా చేతికిచ్చింది. తిప్పాను.

ఎందుకు అని అడగలేదు.
కాలు వణికినప్పుడు ఏమనుకున్నావు, అన్నాను.
చాలాసేపు టీ ఊదింది.
"రాయి వెచ్చగా ఉందనుకున్నాను."

మరుసటి గురువారం డ్యూటీ దిగి ఒక్కణ్ణే వెళ్లాను.
పన్నెండడుగుల బండ. పిల్లలు ఎక్కేదే.
ఎనిమిదో అడుగు దగ్గర
పైకి చెయ్యి రాలేదు, కిందికి కాలు రాలేదు.
తాడు కారులో ఉంది.
తాడు పట్టేవాణ్ణి నేనే.

చెంప రాతికి ఆనించాను.
చల్లగానే ఉంది.
ఇంకాసేపు ఆనించి ఉంచాను.